ఎవరి బీరువాలో ఎవరి ఒరిజినల్స్

మా చెల్లెలు ఆ దేశంలో దిగిన రోజునే తన పాస్‌పోర్ట్ తీసి కంపెనీవాళ్ళకి ఇచ్చేసింది. విమానాశ్రయం నుంచి వ్యానులో హాస్టల్‌కి తీసుకెళ్ళారట. అక్కడ ఒకావిడ ప్లాస్టిక్ ట్రే పట్టుకుని వరసగా అందరి ముందుకీ వచ్చిందట. "చర్చిల కానుకల సంచి వస్తె ఏస్తం గదా, అట్లనే ఏసిన" అని ఫోన్లో నవ్వింది. పక్కనే ఉన్న మా అమ్మ, "మంచిపని చేశావు. పరాయి దేశంలో నువ్వెక్కడ దాచుకుంటావ్? వాళ్ళ బీరువాలో భద్రంగా ఉంటుందిలే" అంది. నేనూ తలూపాను. ఇంట్లో ఒక్కరికి కూడా అది వింతగా తోచలేదు. ఎందుకు తోచలేదో తర్వాత ఊరుకాని ఊరువాళ్ళకి విడమరిచి చెప్పాల్సి వచ్చింది కాబట్టి ఆ సంగతి ముందే రాస్తున్నాను.

ఆ దేశం పేరు రాయను. మన ఆడవాళ్ళు కొందరు ఇంకా అక్కడ పనిచేసుకుంటున్నారు, నా రాత వల్ల వాళ్ళకి ఇబ్బంది రాకూడదు. తూర్పు ఐరోపాలో ఒకప్పుడు ఎర్రజెండా ఎగిరిన దేశం అంటే చాలు. ఆ జెండా దిగింది. ఎన్నికలొచ్చాయి. చట్టాలన్నీ తిరగరాసుకుని, మానవ హక్కుల ఒప్పందాల మీద సంతకాలు పెట్టి, ఐరోపా దేశాల కూటమిలో చేరింది. సైనిక్‌పురి వైపు ఒక ప్రైవేటు స్కూల్లో నేను సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతికి ప్రజాస్వామ్యం పాఠం వచ్చినప్పుడల్లా ఆ దేశమే నాకు ఉదాహరణ. బోర్డు మీద ఇటు నియంతృత్వం, అటు ప్రజాస్వామ్యం అని రాసి మధ్యలో ఒక బాణం గీసేదాన్ని. పిల్లలు ఆ బాణాన్ని స్కేలు పెట్టి మరీ నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవాళ్ళు.

ఆ దేశాలతో మా ఇంటికి పాత చుట్టరికమే ఉంది. నాన్నది బాపట్ల పక్క, రైల్వేలో గుమాస్తా. ఆదివారం చర్చి, మిగతా రోజులు యూనియన్ మీటింగు. యేసుప్రభువుకీ ఎర్రజెండాకీ మధ్య తగువు ఉందని ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. ఆ దేశాల నుంచి నున్నటి కాగితం మీద రంగుల పత్రికలు చవగ్గా వచ్చేవి. నాన్న చదివాక మేము వాటితో పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్ళం. నా నోటుబుక్కు అట్ట మీద ఒక బొద్దుగా ఉన్నావిడ కుట్టుమిషను ముందు కూర్చుని నవ్వుతుండేది. నాన్నకి ఆవిడ నవ్వు మీద గొప్ప నమ్మకం. "చూడండర్రా, పనిచేసే ఆడదాని మొహం ఎలా ఉండాలో" అనేవాడు. అలాంటి మిషను ముందే తన చిన్నకూతురు కూర్చుంటుందని ఆయనకి తెలీదు. తెలిస్తే వీధి వీధంతా స్వీట్లు పంచిపెట్టేవాడు.

చెల్లెలు బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావికి రెండు సందుల ఇవతల బ్లౌజులు కుట్టే కొట్టు నడిపేది. ఆ సందుల మాటే దాని నోటికి పట్టేసింది. బావి బాగుచేశాక ఫొటోల కోసం వచ్చే ఆడవాళ్ళు దారితప్పి దాని కొట్లోకి దూరేవాళ్ళు. దూరినవాళ్ళు కొలతలివ్వకుండా బయటపడేవాళ్ళు కాదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "కొలతలు కలువలే" అనేది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఇంట్లో మొండిది ఉంటే రాజు సంగతేమో గానీ అక్కకి మాత్రం కష్టమే. నలభై దాటాక ఒకరోజు వచ్చి, పెద్ద బట్టల ఫ్యాక్టరీలో పనికి పోతున్నానంది. ప్యారడైజ్ దగ్గర ఒక ఏజెంటు ఆఫీసు తెరిచి, కుట్టుపని వచ్చిన ఆడవాళ్ళని పంపిస్తున్నాడట. "మంచు చూడాలె, మోటర్ మిషన్ మీద కోటు కుట్టాలె. ఈ రెండే నా కోరికలు" అంది. ఆ రెండూ తీర్చుకుంది కూడా.

ఏడాది నిండాక అసలు కథ షురూ అయింది. ఆ ఊళ్ళో స్టేషన్ పక్కన ఒక ముసలావిడకి కుట్టుకొట్టు ఉంది. పెళ్ళిగౌన్లు సరిచేసే కొట్టు. చెల్లెలు ఆదివారాలు వెళ్ళే చిన్న చర్చిలోనే ఆవిడా కూర్చుంటుంది. ఒకరోజు మా చెల్లెలి చేతికుట్టు చూసి, నా కొట్లో చేరతావా అని అడిగింది. ఏడాది దాటితే పని మారొచ్చని అక్కడి చట్టమే చెబుతోంది. కాకపోతే మారాలంటే పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి. ఫ్యాక్టరీ ఆఫీసుకి వెళ్ళి అడిగింది.

నేను స్కూలు నుంచి నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి వచ్చి టీ పెట్టుకునే వేళకి దానికి అక్కడ భోజనాల విరామం. రోజూ ఆ వేళకే ఫోను. ఆ రోజు గొంతు వేరుగా ఉంది.

"అక్కా, పాస్‌పోర్ట్ అడిగిన. ఇయ్యం అన్నరు. కాంట్రాక్ట్ ఖతమయ్యేదాంక ఆళ్ళ దగ్గర్నే ఉంటదంట."

"ఎందుకట?"

"భద్రత కోసమంట. నాది నేను అడిగితె దొంగను చూసినట్టు చూస్తున్రు. ఏందక్కా గిది?"

నాకు కోపం తొందరగా వస్తుందని మా స్కూల్లో ఆయాకి కూడా తెలుసు. వెంటనే ఏజెంటుకి ఫోన్ చేశాను. అతను చాలా నిదానంగా మాట్లాడాడు. "మేడం, జెర పరేషాన్ కాకుండ్రి. పిల్లలు పోగొట్టుకుంటరని కంపెనీవాళ్ళు దాస్తరు. అంతే."

"మా చెల్లెలికి నలభై మూడేళ్ళండీ. పిల్ల కాదు."

"అందరి లెక్కనే ఆమె సుత ఇచ్చింది గదా మేడం. ఎవ్వరూ గుంజుకోలే."

ఫోన్ పెట్టేసి ఆ దేశం చట్టాలు వెతుక్కుంటూ కూర్చున్నాను. ఇంగ్లీషులో అన్నీ ఉన్నాయి, చక్కగా, అంశాల వారీగా. ఇంకొకరి పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోవడం నేరమని ఉంది. విదేశీ కూలీకి తన భాషలో చెప్పుకునే హక్కుందని ఉంది. చదువుతున్నకొద్దీ నాకు ముచ్చటేసింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఇంత మంచి చట్టం ఉన్న దేశంలో మా చెల్లెలు తన పాస్‌పోర్ట్ కోసం గుమ్మం ముందు నిలబడటమేమిటి?

కొట్టు ముసలావిడ కూతురు అక్కడ లాయరు. దాదాపు నా వయసే. ఆవిడ ఒక వీడియో కాల్‌లో మాతో మాట్లాడింది. మేమిద్దరం ఇంగ్లీషులో, మధ్యమధ్య చెల్లెలి కోసం నేను తెలుగులో. మా అమ్మ పక్కన కూర్చుని, ఆ లాయరు మరీ సన్నగా ఉంది, సరిగా తింటోందా అని అడగమంది. అడగలేదు.

లాయరమ్మ చెప్పింది నాకు బాగా గుర్తు. పాత ప్రభుత్వం రోజుల్లో మామూలు మనిషి ఇంట్లో పాస్‌పోర్ట్ అనేది ఉండేది కాదట. అందరివీ పోలీసు స్టేషన్ బీరువాలో ఉండేవి. దేశం దాటాల్సి వస్తే అర్జీ పెట్టుకోవాలి, తిరిగొచ్చాక మళ్ళీ అప్పజెప్పాలి. "మా నాన్న తన పాస్‌పోర్ట్ చేత్తో పట్టుకున్నది జీవితంలో ఒక్కసారి. దాన్ని ఆ బీరువాలోంచి బయటికి తీయించడానికే మేము చలిలో చౌరస్తాలో నిలబడ్డాం. గెలిచాం, కూటమిలో చేరాం, పండగ చేసుకున్నాం. ఇప్పుడు అదే బీరువా ఫ్యాక్టరీలో కనిపిస్తోంది. ఈసారి అందులో ఉన్నవి మావి కావు, మీవి. అందుకే మా వాళ్ళకి కంటికి ఆనడం లేదు" అంది. సంతకం పెట్టిన చేయి ఒకటి, పనిచేయాల్సిన చేయి ఇంకొకటి అని కూడా అంది. నా బోర్డు మీది బాణం గుర్తొచ్చి తలవంచుకున్నాను.

కార్మిక శాఖకి ఫిర్యాదు వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వచ్చే ముందు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి మరీ వచ్చాడు. ఆ పొద్దున ట్రే ఆవిడ ఎవరి పాస్‌పోర్ట్ వాళ్ళ చేతిలో పెట్టింది. ఇన్‌స్పెక్టరు వరసలో నడుచుకుంటూ చూశాడు, ఫొటో తీసుకున్నాడు, మేనేజర్‌తో కేకు తిని వెళ్ళిపోయాడు. కారు గేటు దాటగానే ట్రే మళ్ళీ వచ్చింది. అందరూ వేశారు. మా చెల్లెలు కూడా వేసింది.

"ముందున్నామె ఏసింది, వెనకున్నామె ఏసెతందుకు రెడీగ ఉన్నది. నా చెయ్యి దానంతట అదే పొయ్యిందక్కా" అని ఏడ్చింది. నాకు తెలిసి అంతకుముందు మా చెల్లెలు ఏడ్చింది నాన్న పోయినప్పుడే.

లాయరమ్మ మాత్రం చల్లబడలేదు. ఈసారి రాజధానికే రాస్తానంది. అక్కడినుంచి చెప్పాపెట్టకుండా వేరే ఇన్‌స్పెక్టరు వస్తాడు. అయితే ఒక షరతు. "ట్రే వచ్చినప్పుడు ఒక్కరైనా వేయకుండా ఉండాలి. అందరూ వేస్తుంటే, ఇష్టంతోనే ఇచ్చారని కంపెనీ లాయరు అంటాడు. నేను ఎంత మొత్తుకున్నా లాభం లేదు" అంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్నదే మిగిలిన ప్రశ్న. తెరమీద మా చెల్లెలు గోళ్ళు చూసుకుంటోంది.

అప్పుడు లాయరమ్మ నన్ను సూటిగా అడిగింది. "ఒక్క సంగతి అర్థం కాలేదు. మొదటి రోజున ఎందుకిచ్చింది? మా పాతకాలంలో పోలీసులు బలవంతంగా తీసుకునేవాళ్ళు. ఈమెని ఎవరూ బెదిరించలేదు. నవ్వుతూ ఇచ్చిందంటున్నారు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. మా ఊళ్ళో ఉద్యోగంలో చేరేటప్పుడు అదే పద్ధతండీ, ఒరిజినల్స్ యాజమాన్యానికి ఇచ్చేస్తాం. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అసలు సర్టిఫికెట్లన్నీ. మానేసి పోకుండా వాళ్ళు దాచుకుంటారు. కాలేజీలు విద్యార్థులవి దాచుకుంటాయి, స్కూళ్ళు టీచర్లవి దాచుకుంటాయి. ఎవరూ అడగరు. మా చెల్లెలు పాస్‌పోర్ట్ ఇస్తే మా ఇంట్లో ఎవరికీ ఏమీ అనిపించనిది అందుకే.

"మీవి కూడానా?" అంది.

ఆ ప్రశ్నకి వెంటనే అవునన్నాను. అన్నాక తెలిసొచ్చింది, ఏమన్నానో. నా బీఏ, నా బీఈడీ, మా కరస్పాండెంట్ గదిలో ఇనపబీరువాలో ఉన్నాయి. ఆ గదికి ఆనుకున్న గోడకి ఇవతలే నేను ప్రాథమిక హక్కులు చెబుతాను. చెప్పేవి శ్రీరంగనీతులు అని మా అమ్మ ఊరికే అనదు. లాయరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మా చెల్లెలు మాత్రం తెరమీంచి నన్నే చూస్తూ, "అయితె నువ్వు సుత ట్రేల ఏసినవన్నట్టు" అంది.

మర్నాడే కరస్పాండెంట్ గదిలోకి వెళ్ళాను. మంచి మనిషే. క్రిస్మస్‌కి నాకు కేకు, రంజాన్‌కి పీటీ సార్‌కి ఖర్జూరాలు పంపిస్తాడు. నా ఒరిజినల్స్ కావాలన్నాను.

"ఏంది మేడం, జాబ్ మారుతున్నరా?"

"లేదు సర్. ఇక్కడే ఉంటాను."

"మరి ఎందుకు? మనమంత ఒక్క ఫ్యామిలీ లెక్క. ఇక్కడ సేఫ్‌గ ఉన్నయ్ గదా. ఇంట్ల పెడ్తె చెదలు పడ్తయ్."

"పడితే మా ఇంటి చెదలే పట్టనీయండి సర్."

ఆయన నవ్వలేదు. బీరువా తాళంచెవి అకౌంటెంట్ దగ్గరుంది, అతను బ్యాంకుకి పోయాడు, రేపు చూద్దామన్నాడు. రేపు అనే మాటకి మా స్కూల్లో చాలా అర్థాలున్నాయి, ఏదీ రేపు కాదు. నేను స్టాఫ్ రూంకి వెళ్ళి యూనిట్ టెస్టు పేపర్ల కట్ట తెచ్చుకుని ఆయన ఎదురుగా కుర్చీ లాక్కున్నాను. "తాళంచెవి వచ్చేదాకా ఇక్కడే దిద్దుకుంటాను సర్, మీ పని మీరు చూసుకోండి" అన్నాను. అడ్మిషన్లకి వచ్చిన తల్లిదండ్రులు నన్నూ నా ఎర్ర పెన్నునీ చూస్తున్నారు. ఒకావిడ, ఈ టీచర్‌కి ఏమైంది సార్ అని అడిగింది. నా సర్టిఫికెట్ల కోసం కూర్చున్నానమ్మా అని నేనే చెప్పాను. అకౌంటెంట్ బ్యాంకు నుంచి అనుకున్నదానికన్నా తొందరగా వచ్చేశాడు.

అడగందే అమ్మైనా పెట్టదన్నారు. ఇన్నేళ్ళూ నేను అడగనే లేదు. కవరు విప్పి చూస్తే డిగ్రీ కాగితానికి గుచ్చిన హాల్‌టికెట్ మీద నా ఫొటో, రెండు జడలతో, పళ్ళు బయటపెట్టి. స్టాఫ్ రూంలోకి ఆ కవరు పట్టుకుని వెళ్ళేసరికి లెక్కల సారు లేచి నిలబడి, "ఇచ్చిన్రా మేడం?" అన్నాడు. ఇచ్చారన్నాను. ఆయన పుస్తకం మూసి నేరుగా కరస్పాండెంట్ గదివైపు నడిచాడు. ఆ వారంలో మరికొందరు వెళ్ళారు. ఆ బీరువాలో ఇప్పుడు ఆటల పోటీల కప్పులు పెట్టుకున్నారు.

కవరు చేతికొచ్చిన సాయంత్రమే చెల్లెలికి ఆ కాగితాలు తెరమీద చూపించాను. చాలాసేపు చూసింది. "నీ జడలు గట్లనే ఉండె" అని నవ్వి, తర్వాత, "అక్కా, లంగాకి లోపల జేబు కుట్టుకున్న. జిప్పు సుత పెట్టిన. ఈసారి ఇయ్య" అంది.

"హాస్టల్ నుంచి వెళ్ళగొడితే?" అన్నాను. భయం నాకే ఎక్కువ.

"కొట్టు ఎనక అర్ర ఉన్నది. ముసలామె పరుపు ఏసిపెట్టింది."

రాజధాని నుంచి ఇన్‌స్పెక్టరు నిజంగానే చెప్పకుండా వచ్చింది. ఈసారి ఆడమనిషి. అయినా గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి మాట్లాడుతున్నంతలో లోపల ట్రే తిరిగింది, పాస్‌పోర్టులు చేతుల్లోకి వచ్చాయి. ఆవిడ చూసింది, రాసుకుంది, వెళ్ళింది. వెళ్ళినట్టు వెళ్ళి లాయరమ్మతో కలిసి గేటు బయట కార్లో కూర్చుంది. లోపల ట్రే తిరిగొచ్చింది.

మా చెల్లెలు వేయలేదు. రెండు చేతులూ కట్టుకుని నిలబడిందట. ట్రే ఆవిడ ఆ ఊరి మనిషే, అక్కడే జీతానికి పనిచేస్తుంది. వేసెయ్యి, నా ఉద్యోగం పోతుందని గొణిగిందట. చెల్లెలు తల అడ్డంగా ఊపింది. మేనేజర్ వచ్చాడు. ఇవ్వకపోతే ఈ సాయంత్రమే హాస్టల్ ఖాళీ చెయ్యాలన్నాడు. మా చెల్లెలు అతనికి అర్థం కాదని తెలిసి కూడా తెలుగులో, అందరికీ వినబడేట్టు, "చేస్త" అంది.

పక్కన నిలబడ్డ జగిత్యాల అమ్మాయి అప్పటికే ట్రే అంచుమీద పెట్టిన పాస్‌పోర్ట్ మెల్లగా వెనక్కి తీసుకుంది. ఆ పైన వరసలో ఉన్నామె కొంగులో ముడేసుకుంది. నేపాలీ అమ్మాయిలిద్దరు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ట్రే చివరిదాకా వెళ్ళి, మొదట్లో పడిన రెండు మూడు పాస్‌పోర్టులతోనే తిరిగొచ్చింది. మేనేజర్ గొంతు పెంచి అరుస్తుండగా తలుపు తెరుచుకుని ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చింది. ట్రే ఇంకా ఆ మనిషి చేతుల్లోనే ఉంది.

ఆ తర్వాత కార్మిక శాఖ ఆఫీసులో విచారణ. చట్టం ప్రకారం మా చెల్లెలికి తన భాషలో మాట్లాడే హక్కుంది, కానీ ఆ ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఎక్కడా తెలుగు దుబాసీ దొరకలేదు. అక్క అయినా ఫర్వాలేదని రెండు పక్షాలూ ఒప్పుకున్నాక నన్ను వీడియోలో కూర్చోబెట్టారు. ఉన్నదున్నట్టు చెబుతానని ప్రమాణం చేయించారు. నేను కంచిపట్టు చీర కట్టుకుని నేరేడ్‌మెట్‌లో మా ముందుగదిలో కూర్చున్నాను. అమ్మని లోపలికి పంపించి తలుపేశాం. తలుపుకి చెవి ఆనించి ఉందని నాకు తెలుసు.

చెల్లెలు లేచి నిలబడింది. మా చర్చిల్లో చిన్నప్పటినుంచీ సాక్ష్యం చెప్పడం ఒక అలవాటు. నలుగురి ముందూ లేచి, నాకు ఫలానాది జరిగింది అని మొదటినుంచి చివరిదాకా సిగ్గుపడకుండా చెప్పాలి. ఎనిమిదేళ్ళప్పుడు కామెర్లు తగ్గినందుకు చెప్పిన మొదటి సాక్ష్యం నుంచి దానికి ఆ విద్య వచ్చు. ఆ రోజు కూడా అలాగే చెప్పింది. ట్రే, బీరువా, మేనేజర్ మాట, ఒక్కటి కూడా పెంచలేదు, ఒక్కటి కూడా తగ్గించలేదు. ఆ ఆఫీసులో వాళ్ళు రాయడం ఆపి విన్నారు.

కంపెనీ లాయరు లేచాడు. మన ఏజెంటు అతనికి బాగానే చెప్పిపెట్టాడు. వీళ్ళ దేశంలో ఇది మామూలేనండీ, చదువుకున్న టీచర్లు కూడా సర్టిఫికెట్లు యజమానికి ఇస్తారు, ఈమె తన అలవాటు ప్రకారం ఇష్టంతోనే ఇచ్చింది అన్నాడు. అధికారి మా చెల్లెలివైపు తిరిగి, ఇది నిజమేనా అని అడిగాడు. ఆ ప్రశ్నని దానికి తెలుగులో చెప్పాల్సింది నేనే. చెప్పాను.

"నిజమే సార్" అంది చెల్లెలు. "మా అక్కయి సుత అట్లనే ఉండె. మొన్ననే కుర్చీ ఏసుకోని కూసోని తెచ్చుకున్నది. అలవాటు అందరిది సార్. పాస్‌పోర్ట్ మాత్రం నాది."

ప్రమాణం చేశాను కాబట్టి నా గురించిన ముక్క కూడా నేనే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఒక గుక్క నీళ్ళు తాగి మరీ చెప్పాను. తెర మూలలో లాయరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

తీర్పు వచ్చింది. పాస్‌పోర్టులు దాచడం నేరమే అన్నారు. ఇష్టంతో ఇచ్చినా సరే, అడిగిన క్షణాన ఇవ్వకపోతే అది లాక్కోవడంతో సమానమన్నారు. ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి మనిషి పాస్‌పోర్టూ, ఇన్‌స్పెక్టరు ఎదుట, సంతకం తీసుకుని తిరిగి ఇప్పించారు. కొందరు అక్కడే పని కొనసాగించారు, కొందరు మారారు. ఫ్యాక్టరీకి జరిమానా పడింది. మేనేజర్ మారాడు. మా ఏజెంటు ఫోన్ తీయడం మానేశాడు. ఆ దేశంలో ఇలాంటి బీరువాలు ఇంకా ఎన్నో ఉన్నాయని లాయరమ్మ అంటూనే ఉంటుంది, ఒకటి ఖాళీ చేశాం అంతే అంటుంది. నాకైతే ఆ ఒకటే కొండంత. ఆ ఆదివారం చర్చిలో మా అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది, ఇచ్చినప్పుడు మంచిపని చేశావన్నది తనే అన్న సంగతి మాత్రం దాటేసింది. నేను కూడా గుర్తు చేయలేదు.

చెల్లెలు కొట్లో చేరింది. పెళ్ళిగౌన్ల నడుములు బిగిస్తోంది, వదులు చేస్తోంది. ఈ మధ్య ఒక సెలవు రోజు మధ్యాహ్నం దాని ఫోను వచ్చింది. వెనక గాలి హోరు. కెమెరా తిప్పి చూపించింది. పెద్ద నది, దాని మీద పొడుగాటి ఇనప వంతెన.

"గా అవతలి ఒడ్డు మా కొట్టున్న దేశం అక్కా. నేను ఇవతల ఉన్న. వేరే దేశం."

"ఏం పని మీద వెళ్ళావే?"

"బార్డర్ల ఆఫీసర్ సుత గదే అడిగిండు. పాస్‌పోర్ట్ అటు ఇటు తిప్పిండు. ఏం పని అన్నడు. కాఫీ తాగనీకి అన్న. ముద్ర ఏసి ఇచ్చిండు."

"కాఫీ కోసం దేశం దాటావా?"

"ఊకెనే అక్కా. ఏం పని లేదు. బస్సెక్కి వచ్చిన, గంతే. కాఫీ గింత బాగలేదు సుత."

అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"బాగాలేకపోతే పోనీలే" అంది. "తొందరేం లేదు, మొత్తం తాగి వెళ్ళు."